పెన్సిల్‌తో రాసిన పాటలు

మా ఆయన పాటలన్నీ పెన్సిల్‌తోనే రాసేవాడు. పాకాల స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో ఆయనకు ఉద్యోగం. పగలంతా పెన్నుతో రసీదులు రాసి ఇంటికి వచ్చేవాడు. వచ్చాక ఆ పెన్నును చొక్కాతో సహా మేకుకు తగిలించి, చెవిమీద పెన్సిల్ ముక్క పెట్టుకునేవాడు. ఆ ముక్క చెవిమీదికి ఎక్కిందంటే ఇక ఆయనతో ఇంటి సంగతులు మాట్లాడి లాభం లేదని నాకు పెళ్లైన కొత్తలోనే తెలిసిపోయింది.

ఆయన పేరుమోసిన వాడేమీ కాదు. సినిమాల వైపు ఎప్పుడూ పోలేదు. రేడియోకు కొన్ని లలిత గీతాలు, చుట్టుపక్కల బడులకు ప్రార్థన పాటలు, భజన చేసేవాళ్లకు వరసలు, ఎవరైనా మాటలు రాసి తెస్తే వాటికి బాణీలు. పొద్దున పూట ఎన్నో బడుల్లో పిల్లలు ఆయన పాట పాడి తరగతులకు పోయేవాళ్లు. అది ఎవరు కట్టిన పాటో వాళ్ల అయివార్లకే తెలియదు. ఒకసారి చిత్తూరు బస్సులో మా వెనక సీటులో ఒకామె బిడ్డను జోకొడుతూ ఆయన పాటే పాడింది. ఆ మాట ఆమెకు చెబుదామని నేను వెనక్కు తిరగబోతే ఆయన మోచేత్తో పొడిచి, “ఊరుకో మే, పిల్లోడు నిద్రపోతాండాడు” అన్నాడు.

జనానికి ఎక్కువగా తెలిసింది మబ్బు పాట. వేరుశనగ వేసుకుని వాన కోసం చూసే రైతు, ఊరి మీదుగా పోయే మబ్బును పిలుస్తాడు. “మబ్బా మబ్బా, మా మిట్టకు రావా” అని మొదలవుతుంది. మాటలు కూడా ఆయనవే. చివరి చరణంలో ఆ “రావా” అన్న మాట అంచెలంచెలుగా పైకి ఎక్కి పై షడ్జమం మీద నిలబడుతుంది. పాడేవాళ్లు ఆ చోట కళ్లు మూసుకుని గొంతంతా పెట్టేవాళ్లు. వినేవాళ్లు చప్పట్లు కొట్టేది కూడా అక్కడే.

ఇంట్లో ఎక్కడ చూసినా ఆయన కాగితాలే. పాత టైంటేబుళ్ల వెనక, క్యాలెండరు షీట్ల వెనక, పెళ్లి పత్రికల వెనక రాసినవి. మంచం కింద, అటక మీద, మా కూతురు పుట్టినప్పుడు కొన్న ఉయ్యాల తొట్టిలో కూడా. కొత్త పాట మొదలుపెట్టే ముందు ఆయన నేలమీద కూర్చుని ఒక కట్ట విప్పేవాడు. రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టుకుని కూనిరాగం తీసి, వాటిని అక్కడే వదిలేసి ఇంకో కట్ట విప్పేవాడు. కాసేపటికి గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఏదో పోగొట్టుకున్నాడేమో అనిపించేది చూస్తే.

“ఏం కావాలయ్యా? చెప్తే నేను కూడా వెతుకుతా గదా” అనేదాన్ని.

“ఏం పోలేదు మే. ఊరికే సూస్తాండా.”

ఆయన రిటైరైన తర్వాత ఒక ఏడాది తుపాను పట్టింది. రోజుల తరబడి విడవకుండా కురిసింది. అటక మీద పైకప్పు చెమ్మగిల్లి, నీళ్లు కారి, రెండు గోతాలు నానిపోయాయి. దించి చూస్తే ఒక గోతంలో కాగితాలు ముద్దగా అతుక్కుని ఉన్నాయి. పెన్సిల్ గీత నీళ్లకు చెదరలేదు గానీ కాగితమే నిలబడలేదు. విడదీయబోతే చేతికి పిండిలా వస్తోంది. ఇంటినిండా తాళ్లు కట్టి, ఫ్యాన్లు వేసి, పొయ్యి పక్కన పరిచి, మిగిలినవి ఆరబెట్టాము. ఉయ్యాల తొట్టి తీస్తే అడుగున చెదలు. ఆయన విడిపోని ఒక ముద్దను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు.

మా కూతురు సూళ్లూరుపేటలో ఉంటుంది. విషయం తెలిసి వచ్చి, గోతాలు చూసి, వాళ్ల నాయన ముందు చతికిలబడింది.

“నాయనా, ఇట్లైతే ఇంకో రెండు వానలకు ఏమీ మిగలవు. యాడన్నా భద్రమైన చోట పెట్టాల.”

“యాడ పెడతావు? మీ ఇంట్లోనా?”

“మా ఇంట్లో కాదు. లైబ్రరీలో. పాతవాళ్ల కాయితాలు దాచిపెట్టే చోటు తిరుపతిలో ఉండాదంట. నేను అడిగి వస్తా.”

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. నన్ను అడిగాడు. నేను కూడా మంచిదేగా అన్నాను. ఇప్పటికీ ఆ రోజు అంతకన్నా వేరే మాట ఏం చెప్పగలిగేదాన్నో నాకు తెలియదు. ఆ ముద్దను చూసిన కళ్లతో ఎవరైనా అదే అంటారు.

కొన్ని వారాలకు తిరుపతి నుంచి లైబ్రరీ మేడమ్ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, పొడిబారిన జుట్టు, భుజానికి గుడ్డ సంచి. లోపలికి వచ్చి కూర్చోకముందే, “సార్, నేను పుత్తూరు బళ్లో చదువుకున్నాను. అయిదేళ్లు మీ ప్రార్థన పాట పాడినాను. మీదని మొన్ననే తెలిసింది” అన్నది. అక్కడికక్కడే మొదటి చరణం పాడింది. మధ్యలో ఒక చోట ఆయన చెయ్యి పైకెత్తి ఆపాడు.

“ఆడ అట్ల కాదమ్మా. మీ అయివారు తప్పు నేర్పించినాడు” అని సరిచేశాడు. ముగ్గురం నవ్వుకున్నాము.

ఆమె నిదానంగా అంతా చెప్పింది. కాగితాలకు గుచ్చిన గుండుసూదులు తీసేస్తారట. చెమ్మ తగలని చల్లని గదిలో అట్టపెట్టెల్లో పెడతారట. చదువుకునేవాళ్లు, పాడుకునేవాళ్లు ఎవరొచ్చినా చూపిస్తారట. ఆయన అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

“నేను కూడా వచ్చి సూడొచ్చునా?”

“అదేం మాట సార్? మీరు ఎప్పుడైనా రావచ్చు.”

అది విని అందరం కుదుటపడ్డాము. అంతకు మించి అడగాల్సింది ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

తర్వాత చాలా రోజులు మేడమ్ పాసింజర్ రైల్లో వచ్చి పోతూ ఉండేది. ఆయన ఒక్కో కాగితం తీసి ఇది ఏ పాట, ఎవరికోసం, ఎప్పుడు కట్టింది అని చెప్తుంటే ఆమె రాసుకునేది. నేను మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం పెట్టేదాన్ని. పెళ్లైనప్పటినుంచి నాకు చెప్పని సంగతులు ఎన్నో ఆ రోజుల్లో పక్క గదిలోంచి విన్నాను. ఆయన కట్టిన ఒక జోలపాట, మా కూతురు కోసమనుకునేదాన్ని, అది నిజానికి స్టేషన్లో చంటిబిడ్డతో దిగి రైలు తప్పిన ఒక ఆడమనిషిని చూసి కట్టినదట. ఆయన మొహంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. ఆ వారాలే ఆయన చివరి మంచి రోజులని ఇప్పుడు అనుకుంటాను.

ఒక పొద్దున వ్యాన్ వచ్చింది. పెట్టెలు ఎక్కించారు. ఆయన వాకిట్లో నిలబడి పత్రం మీద సంతకం పెట్టాడు. వ్యాన్ మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చి, “కాఫీ పెట్టు మే” అన్నాడు. అంతే.

ఇల్లు ఖాళీ అయింది. మంచం కింద ఊడ్చాను. అటక కడిగి, సున్నం వేయించి, చింతపండు కుండలు ఎక్కించాను. వచ్చిన వాళ్లంతా ఇల్లు ఎంత బాగుందో అన్నారు. నాకూ బాగానే ఉండింది, కొన్నాళ్లు.

ఆయన రోజూ సాయంత్రం పెన్సిల్ చెవిమీద పెట్టుకుని ఎప్పటిలా నేలమీద కూర్చునేవాడు. ముందు ఒక తెల్ల కాగితం. మా కూతురు తెచ్చిచ్చిన కొత్త కాగితాల కట్ట అది, రెండు వైపులా ఖాళీవి. కాసేపు కూర్చుని లేచేవాడు. మొదట్లో పట్టించుకోలేదు. వయసు కదా అనుకున్నాను. ఒకరోజు అడిగాను.

“ఏమయ్యా, కొత్త పాటేమీ కట్టలేదే?”

“యాన్నించి మొదలుపెట్టేది మే? పాతవి ముందర ఉంటే ఒకదాన్నించి ఒకటి వస్తాది. ఈడ ఏముండాది?”

అప్పుడు అర్థమైంది నాకు. నేలమీద కాగితాలు పరుచుకుని ఆయన దేనికోసమూ వెతకలేదు. ఒక పాట పల్లవి పక్కన ఇంకో పాట చరణం పెట్టి, వాటి మధ్యలోంచి మూడోదాన్ని తీసుకునేవాడు. మేమంతా దాన్ని పాతసామాను అనుకున్నాము. మేడమ్ సంపద అన్నది. నిజానికి అది ఆయన పనిచేసే చోటు. కుమ్మరి దగ్గర మట్టి తీసుకుపోయి అద్దాల బీరువాలో పెట్టినట్టు అయింది.

“పోయి సూసి రారాదా, ఎప్పుడైనా రావచ్చునన్నారు గదా” అన్నాను.

ఇద్దరం రైలెక్కి తిరుపతికి పోయాము. లైబ్రరీలో వాకిలి దగ్గర మనిషి ఆయన జేబులో పెన్ను తీసి పెట్టుకుని చేతికి పెన్సిల్ ఇచ్చాడు. లోపల పెన్ను పనికిరాదట, సిరా పడితే కాగితాలు పాడవుతాయట. ఆయన మొహం విప్పారింది.

“సూసినావా మే, ఇది మన మాదిరి చోటే” అన్నాడు.

మేడమ్ మమ్మల్ని పెద్ద బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆయన మబ్బు పాట అడిగాడు. ఒక అట్టలో పెట్టి తెచ్చింది. కాగితం శుభ్రంగా ఉంది, మూలలు సాపు చేశారు. ఆయన దాన్ని ముట్టుకుని, వేలితో స్వరాల వెంట పోతూ లోలోపల పాడుకున్నాడు. చివరికి వచ్చాక తలాడించి, పెన్సిల్ తీసి, పై షడ్జమాన్ని కొట్టేయబోయాడు.

మేడమ్ పరుగున వచ్చింది.

“సార్, సార్! దాని మీద రాయకూడదు సార్.”

“ఇది నాదేనమ్మా.”

“మీదే సార్. కానీ ఇప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంచాలి. మీరనే కాదు, ఎవరూ దాని మీద గీత పెట్టకూడదు.”

“దీంట్లో తప్పుండాదమ్మా. అడిగేవోడి గొంతు అంత పైకి పోదు. వానకోసం ఎన్నేండ్లు అడిగినాడో వాడు. అడిగి అడిగి గొంతు దిగిపోయింటాది. ఆ ‘రావా’ కిందికి దిగి గాంధారం దగ్గరికి వచ్చి ఆడనే ఆగిపోవాల. వయసులో ఉన్నప్పుడు నాకు తెల్లేదు. ఇప్పుడు తెలిసింది.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, ఆమె తప్పేముంది? పెద్దవాళ్లను అడిగి వస్తానని పోయి, తలవంచుకుని తిరిగి వచ్చింది. చేతిలో ఆ కాగితం జిరాక్సు ఉంది. “దీని మీద ఎన్నైనా మార్చుకోండి సార్. ఇది కూడా దాని పక్కనే పెడతాము” అన్నది. ఆయన పెన్సిల్ బల్లమీద పెట్టి, జిరాక్సు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చిన మరునాడు ఆ జిరాక్సు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రబ్బరు తీసి చివరి వరుస మీద రుద్దాడు. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా రుద్దితే కాగితం నునుపు పోయి పైకి లేచింది గానీ నల్లటి అచ్చు అట్లాగే ఉంది.

“సూడు మే, ఇది చెరగదు” అని నవ్వాడు. నవ్వుతూనే రబ్బరును మళ్లీ డబ్బాలో వేశాడు. జిరాక్సును కిటికీ అద్దం దగ్గర పెట్టాడు. మళ్లీ తీయలేదు.

“పక్కన ఇంకో కాయితం మీద రాసుకోరాదా?” అన్నాను.

“రాస్తా. ముందు సరిగ్గా తేలనీ.”

ఆయనకు చెరిపి రాయడమే రాయడం. ఒక్కసారిగా తెల్ల కాగితం మీద తేల్చి రాయడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

తర్వాత కూడా అప్పుడప్పుడు ఒక్కడే తిరుపతికి పోయి వచ్చేవాడు. “ఒకటి సూసి ఇచ్చేస్తేనే ఇంకోటి ఇస్తారు. నాకు రెండూ పక్కపక్కన కావాల” అనేవాడు తిరిగి వచ్చి. మేడమ్ తన మట్టుకు తాను ఎంతో చేసింది. ఆయన పోయినప్పుడల్లా ఇంటినుంచి తెచ్చుకున్న టిఫిన్లో సగం ఆయనకు పెట్టేదట. అయినా రాను రాను పోవడం తగ్గించాడు.

ఇంట్లో మాత్రం ఆ చివరి వరుస పాడుతూనే ఉండేవాడు. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే గడప దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఒక రకంగా దించేవాడు. మరునాడు ఇంకో రకంగా.

“నిన్నటిది బాగుండాదా, ఇయ్యాలిది బాగుండాదా?”

“రెండూ బాగుండాయి.”

“అట్ల కాదు మే, సరిగ్గా విను.”

విన్నాను. కానీ ఆయన విన్నట్టు వినలేదు. నాకు అది రోజూ ఇంట్లో వినబడే చప్పుడు, కుక్కరు కూతలాగా, దూరంగా పోయే రైలులాగా. రేపు కూడా వినబడుతుంది కదా అన్న ధీమా.

ఒక వానాకాలం పొద్దున స్టేషను వంతెన మెట్ల మీద కాలు జారి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించాము. పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి, మోచేతి దాకా గట్టిగా చుట్టారు. కట్టుతో ఇంటికి వచ్చిన రెండు మూడు రోజులకు, మధ్యాహ్నం భోజనమయ్యాక, మంచం మీద కూర్చుని పిలిచాడు.

“మే, తేలింది. నేను చెప్తా, నువ్వు రాయి.”

“నాకు స్వరాలు రాసేది యాడ వస్తాదయ్యా? తప్పులు పోతాయి. కట్టు విప్పినాక నీ చేత్తో నువ్వే రాసుకో, బాగుంటాది” అన్నాను. ఆయన మంచికే అన్నాను. ఆయన కూడా సరేనన్నాడు. కళ్లు మూసుకుని, కట్టు కట్టిన చేత్తోనే తొడ మీద మెల్లగా తాళం వేసుకుంటూ పాడుకున్నాడు. నేను గిన్నెలు కడగడానికి పెరట్లోకి పోయాను.

కట్టు విప్పే రోజు రాకముందే ఆయన పోయాడు. మధ్యాహ్నం కునుకు తీస్తానని పడుకున్నవాడు లేవలేదు. గుండె అన్నారు డాక్టరు.

ఏడాది తిరిగిన తర్వాత లైబ్రరీ వాళ్లు ఆయన కాగితాలను అందరికీ అందుబాటులోకి తెస్తున్నామని తిరుపతిలో చిన్న సభ పెట్టారు. నేనూ మా కూతురూ పోయాము. వేదిక మీద ఆయన ఫోటోకు దండ వేశారు. గాజు పెట్టెలో కొన్ని కాగితాలు పెట్టారు. మేడమ్ బాగా మాట్లాడింది. ఆఖరున ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది, సంగీత కళాశాలలో చదువుతోందట. ఆయన చేతిరాత చూసి నేర్చుకుని మబ్బు పాట పాడింది.

ఎంత బాగా పాడిందో చెప్పలేను. ఆనందభైరవి రాగం ఆ గొంతులో అట్లా ఒదిగిపోయింది. చివరి చరణానికి వచ్చింది. “రావా” అంటూ ఎక్కింది, ఎక్కింది, పై షడ్జమం మీద నిలబడింది. హాలంతా చప్పట్లు. పక్కన మా కూతురు కూడా ఏడుస్తూ చప్పట్లు కొడుతోంది. నేను కొట్టలేకపోయాను.

సభ అయ్యాక వేదిక వెనక ఆ అమ్మాయి నా కాళ్లకు నమస్కారం పెట్టింది. ఉండబట్టలేక చెప్పేశాను.

“తల్లీ, బాగా పాడినావు. కానీ ఆయన ఆ చివరిది మార్చినాడమ్మా. పైకి వద్దన్నాడు. కిందికి దించినాడు.”

అమ్మాయి నొచ్చుకోలేదు. ప్లాస్టిక్ కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, తాను నేలమీద కూర్చుంది. మేడమ్ కూడా వచ్చింది. “పాడి చూపిస్తారా అమ్మా?” అని అడిగి, అమ్మాయి తన ఫోను నా దగ్గరగా పెట్టింది.

నేనెప్పుడూ నలుగురిలో పాడినదాన్ని కాదు. ఆయన గడప దగ్గర కూర్చుని పాడినట్టు అనుకుని పాడాను. “రావా” కిందికి వచ్చింది. అయిపోగానే ఇది కాదేమో అనిపించింది. ఇంకోసారి పాడతానన్నాను. ఈసారి అది వేరే దారిలో దిగింది. మూడోసారికి మొదటిది కూడా మరిచిపోయాను. ఆయన పాడిన రకాలన్నీ నా చెవిలో కలిసిపోయి ఉన్నాయి. ఆ మధ్యాహ్నం కట్టు చేత్తో తాళం వేస్తూ పాడింది వాటిలో ఏదో, అసలు ఉందో లేదో.

“చివరిగా తేల్చింది ఏదమ్మా?” మేడమ్ మెల్లగా అడిగింది.

“తెల్లేదమ్మా” అన్నాను.

మా కూతురు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. నా గొంతును కూడా ఆయన కాగితాల వెంట దాచిపెడతామని మేడమ్ అన్నది. దాచిపెట్టారు కూడా. ఎవరైనా అడిగి విన్నారో లేదో నాకు తెలియదు.

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఏదో పోటీలో మబ్బు పాట పాడబోతోందట. గొంతులో మొహమాటం.

“అమ్మమ్మా, మీరు చెప్పినట్టు కిందికి దించి పాడదామనే అనుకున్నాను. కానీ పోటీవాళ్లు రాసింది రాసినట్టు పాడాలంటున్నారు. కాగితంలో ఉన్నదే లెక్క అంట. మీకు చెప్పకుండా పాడితే బాగుండదని...”

“పాడుకో తల్లీ” అన్నాను. “అది కూడా ఆయన రాసిందే.”

ఫోను పెట్టేశాక అనుకున్నాను. ఆయన వయసులో ఉండగా కట్టిన పాటే లోకంలో ఉంటుంది. ముసలితనంలో ఆయనకు తెలిసివచ్చింది ఉండదు. దానికి ఎవరినీ ఏమీ అనలేను. ఆ అమ్మాయిని అనలేను, మేడమ్‌ను అనలేను, వానను కూడా అనలేను. పనులు చేసుకుంటుంటే ఒక్కోసారి ఆ వరుస దానంతట అదే నోట్లోకి వస్తుంది. సగం దాకా దిగి, ఎటు పోవాలో తెలియక ఆగిపోతాను.